పిన్ను తీసే ముందు

ఎనుమాముల యార్డుల మిర్చి బస్తాలు మోసిన చేతులతోటే
మా నాయిన యాకయ్య బొమ్మల పుస్తకం తిప్పేటోడు.
కిరాయి పుస్తకాలాయన దుకాణం ఎత్తేసిన్నాడు
నూట పన్నెండు తూకానికి కొనుక్కొచ్చిండు,
కిలో రెండు రూపాలు.
ఇప్పటికీ ఏది తెరిచినా
మూడో పేజీకల్ల తుమ్మొస్తది నాకు,
ముసుగు మేస్త్రీ తాపీ ఎత్తి దొంగల మీద దుంకే కాడ
ఖచ్చితంగ.

అసొంటి నేను
సుబేదారిల జిరాక్స్ సెంటర్ పెట్టుకొని
పాసుబుక్కులు, హాల్ టికెట్లు, కులం సర్టిఫికెట్లు
పొద్దంతా వెలుగు మీద బోర్లిస్తుంట.

ఆదివారం ఆదివారం మేం కలిసేది అయిదుగురం.
ముజీబ్ ఫోనుల నాలుగు వేల పుస్తకాలున్నయ్.
"చెదలు పట్టయి, ఎవ్వడు అడుక్కపోయి ఎగ్గొట్టడు" అంటడు.
"పటంల పెట్టిన మామిడిపండు గది" అంట నేను.
ఓసారి నోరు జారిన,
నీకు పుస్తకం విలువేం దెలుసని.
ఏమనలే.
నయీంనగర్ నాలా పొంగిన రాత్రి
వాని ఇనుప సందుగ మునిగిన సంగతి
తర్వాత ఇంకోలు చెప్పిన్రు.
దండెం మీద ఆరేసిండంట ఒక్కొక్కటి,
ఆరినంక ఒక్క పేజీ విడిపోలేదంట,
అట్టలు గట్టిన రొట్టెలయినయంట.

నా పద్నాలుగో నంబరుకు ఆఖరి నాలుగు పేజీలు లేవు.
ముజీబ్ దగ్గర ఉన్నయ్. పంపిండు గూడ.
ఇంకా తెరవలే.
ఆ నాలుగు పేజీలు మా నాయిన నోటితోటి చెప్పేటోడు,
రోజుకో తీరు.

మొన్న సారంగపాణి సారొచ్చిండు సంచి మోసుకుంట,
కాజీపేటల గూడ్స్ గార్డు చేసి దిగిపోయిన మనిషి.
ఒక కన్ను ఆపరేషన్ల ఖరాబైంది, రెండోదాంట్ల పొర.
"అక్షరాలు చీమలైనయ్ రా, నడుస్తున్నయ్.
ట్యాబుల ఎక్కియ్యి, రెండేళ్లు పెట్టి సాగదీస్కుంట."

పిన్ను తీస్తెనే పేజీ సాపుగ పరుసుకుంటది.
నా పుస్తకాలకు ఎన్నడు తియ్యలే.
తుప్పు పట్టి కాయితానికి అతుక్కున్నయ్,
ముల్లు తీసినట్టు తీసిన, ఊపిరి బిగవట్టి.
ముక్కుపుడక తీసిన ముక్కు లెక్క
నడుమ రెండు బొక్కలు మిగిలినయ్.

కంప్యూటర్ అడిగింది: మరకలు తుడవాల్నా?
తుడువన్న.
పసుపు పోయింది. చాయ్ చుక్క పోయింది.
రాణి మూతికి ఎవరో పోరడు పెన్సిల్‌తోటి పెట్టిన మీసం పోయింది.
"చింపితె రూపాయి జుర్మానా" ముద్ర పోయింది.
తెల్లగ, దవాఖాన దుప్పటి లెక్క మిగిలింది.
వద్దని మల్ల వెనకకు తెచ్చిన,
మీసంతో సహా.

సారు స్టూలు మీద కూసొని సాగదీసిండు.
ఎర్రరంగు చుక్కలు చుక్కలయింది.
మేస్త్రీ ముసుగు జల్లెడయింది.
ఇంకా సాగదీసిండు, వంతెన మీద పోయే రైలు,
ఆఖరి డబ్బా,
ఒక్కసారి లేచి నిలబడ్డడు.
"గార్డున్నడు రా! పచ్చజెండా పట్టుకున్నడు!
నలభై ఏండ్ల సంది చదువుతున్న,
ఉత్త గీత అనుకున్న!"

నేను వాదం మర్చిపోయిన.
మినుప గింజంత మనిషి.
నిజంగనే ఉన్నడు.

పోయేముందు అలవాటు చొప్పున
ట్యాబును ముక్కు దగ్గరికి తీసుకొని
మెల్లగ దించిండు.

కొత్త పిన్నులు పాత బొక్కల్లనే గుచ్చి సంచి కట్టిచ్చిన.
ఇడిసిపోతడేమో, నాకే ఇస్తడేమో అని
లోపల ఆశ ఉండె, దాస్తె పాపం.
భుజాన ఏసుకున్నడు.
"కనబడయి గద సార్, మల్లెందుకు?"
"కరెంటు పోతది గదరా."

తుప్పు పిన్నులు తొంభై ఆరు,
చాయ్ కప్పుల ఉన్నయ్.
పారేద్దామనుకుంట.
మూడొద్దులయితుంది.